సబ్జా గింజలు తులసి గింజలు కావు

ఎండాకాలం వచ్చిందంటే ఒక మెసేజ్ ఫ్యామిలీ గ్రూపులన్నీ చుట్టేస్తుంది. సబ్జా అంటే పెరటి తులసి గింజలే, కొనడం దండగ. ఇటలీవాళ్లు పిజ్జా మీద వేసుకునేదీ మన తులసే. రామ తులసి, కృష్ణ తులసి వేరు వేరు జాతులు. తులసి రాత్రంతా ఆక్సిజన్, ఓజోన్ వదులుతుంది. నాలుగూ తప్పే.

"సబ్జా తులసి గింజలే." సబ్జా ఇచ్చేది శాస్త్రీయంగా ఆసిమమ్ బాసిలికమ్, మనవాళ్లు రుద్రజడ, భూతులసి అనే మొక్క. కోటలో పూజించేది ఆసిమమ్ టెన్యుఫ్లోరమ్. దగ్గరి చుట్టాలే, రెండింటికీ కాడ నాలుగు పలకలుగా ఉంటుంది, పూలు వెన్నులుగా వస్తాయి. కానీ తులసి కాడను వేళ్లతో నిమిరితే నూగు తగులుతుంది, పూలు లేత ఊదా. రుద్రజడ ఆకు నున్నగా మెరుస్తుంది, పూలు ఎక్కువగా తెలుపు. ఎండిన వెన్నును అరచేతిలో నలపండి. తులసి గింజ గోధుమ రంగులో, మిల్లీమీటరు ఉంటే గొప్ప. సబ్జా గింజ నల్లగా, దానికి రెట్టింపు ఉంటుంది. నీళ్లలో వేస్తే కాసేపటికే చుట్టూ తెల్లటి జిగురు కడుతుంది. తులసి గింజకూ కాస్త జిగురొస్తుంది (మెసేజ్ రాసినాయన అది చూసే బోల్తా పడ్డాడేమో), కానీ ఫలూదాలో వేసుకునేంత ఉబ్బదు.

"పిజ్జా మీద తులసి." అక్కడ వాడేది బాసిలికమ్‌లోనే ఒక రకం. తులసి ఘాటు వేరు. లవంగంలో ఉండే యూజినాల్ అనే ఘాటైన పదార్థం దీనిలో బాగా ఉంటుంది. నిజంగా తులసితో వంట చేసేవాళ్లు కావాలంటే థాయ్‌లాండ్ చూడండి. అక్కడ వేయించిన మాంసంలో తులసాకు వేస్తారు, దాన్ని కప్రావ్ అంటారు. కూరల్లో వేసే బాసిలికమ్ హోరఫా. బజారులో రెండూ వేరు వేరు కట్టలే.

"రామ, కృష్ణ తులసులు రెండు జాతులు." కావు, ఒకే జాతిలో రెండు రకాలు. కృష్ణ తులసి ఊదా రంగు ఆంథోసయనిన్లు అనే రంగు పదార్థాల వల్ల వచ్చింది. పాత పుస్తకాల్లో ఆసిమమ్ శాంక్టమ్ అని కనబడితే ఇంకో మొక్క అనుకోకండి. స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ ఈ ఒక్క మొక్కకే 1753లో ఒక పేరు, 1767లో ఇంకో పేరు పెట్టాడు. ముందు పెట్టిన టెన్యుఫ్లోరమ్మే ఇప్పుడు చెల్లుతుంది.

"రాత్రి ఆక్సిజన్, ఓజోన్." వెలుతురు లేనిదే ఆక్సిజన్ తయారుకాదు, చీకట్లో తులసి కూడా మనలాగే దాన్ని పీల్చుకుంటుంది. ఇక ఓజోన్ అంటారా, నేల దగ్గర అది ఊపిరితిత్తులకు హాని చేసే కాలుష్యం. తులసి నిజంగా అది వదిలేదైతే కోట చుట్టూ ప్రదక్షిణలు మానుకోవాల్సి వచ్చేది.