ఆ కోడ్లు రహస్యాలు కావు, మెకానిక్ పనిముట్లు

‘సెల్‌ఫోన్ కంపెనీలు మీకు చెప్పని రహస్య కోడ్లు, వెంటనే పదిమందికి పంపండి’ అనే సందేశం ఈ నెలలో నాకు తొమ్మిదిసార్లు వచ్చింది. పంపినవాళ్లలో మా బావగారూ, నాతో చదువుకున్నవాళ్లూ ఉన్నారు. నేను భీమవరంలో ఫోన్లు బాగుచేసి బతికేవాణ్ణి. ఆ సందేశాన్ని నమ్మి పాడుచేసుకున్న ఫోన్లు చివరికి నా బల్ల మీదికే వస్తున్నాయి కాబట్టి, అందులోని ఒక్కొక్క మాటకూ ఇక్కడ సమాధానం రాస్తున్నాను.

*3370# నొక్కితే దాచిపెట్టిన సగం ఛార్జింగ్ బయటికి వస్తుందన్నది మొదటి మాట. పాత నోకియా ఫోన్లలో ఆ కోడ్ మాటను మరింత స్పష్టంగా వినిపించే అమరికను ఆన్ చేసేది, దానివల్ల బ్యాటరీ ఇంకా త్వరగా అయిపోయేది. దాచిన ఛార్జింగ్ అనేది ఏ ఫోన్‌లోనూ లేదు.

*#06# నొక్కితే వచ్చే ఐఎంఈఐ అనే ఫోన్ గుర్తింపు సంఖ్యలో ఏడు, ఎనిమిది అంకెలు 00 అయితే ఫోన్ మేలైనదనీ, 13 అయితే ఆరోగ్యానికి ప్రమాదమనీ రెండో మాట. ఒకప్పుడు ఆ రెండు అంకెలు ఫోన్‌ను ఎక్కడ బిగించారో చెప్పేవన్న మాట నిజమే, అది ఒప్పుకుంటాను. అయితే 2003లో ఆ స్థానంలో అందరూ 00 వేయడం మొదలుపెట్టారు, 2004 ఏప్రిల్ నుంచి ఆ పద్ధతే పోయింది. ఇప్పుడు మొదటి ఎనిమిది అంకెలూ కలిసి మోడల్‌ను మాత్రమే గుర్తిస్తాయి. ఇరవై ఏళ్ల కిందట రద్దయిన లెక్కతో ఈనాటి ఫోన్ ఆరోగ్యానికి మంచిదో కాదో తేల్చడం ఎలా కుదురుతుంది?

*#21# నొక్కితే ఎవరైనా మన మాటలు దొంగచాటుగా వింటున్నారో లేదో తెలుస్తుందన్నది మూడోది. మన కాల్స్ వేరే నంబరుకు మళ్లుతున్నాయా అని ఆ కోడ్ నెట్‌వర్క్‌ను అడుగుతుంది, అంతే. దీనికి దగ్గరి చుట్టమైన *401తో మొదలయ్యే కోడ్‌లను మోసగాళ్లు జనం చేతే నొక్కించి, కాల్స్‌తోపాటు వాటిలో చెప్పే ఓటీపీలను కూడా తమవైపు మళ్లించుకున్నారు. ఆ కాల్ మళ్లింపు సదుపాయాన్ని కేంద్ర టెలికాం శాఖ 2024 ఏప్రిల్ 15 నుంచి నిలిపివేయించింది. ఎవరు పంపినా కోడ్ నొక్కేయడం అలవాటైన మనిషికి మోసగాడి కోడ్ వేరుగా కనపడదని దయచేసి గ్రహించండి.

*2767*3855# నొక్కితే వైరస్ పోతుందట. పాత సామ్‌సంగ్ ఫోన్లలో అది ఏమీ అడక్కుండా ఉన్నదంతా తుడిచేసే కోడ్. ఒక లింకు తెరిచినంత మాత్రాన కొన్ని గెలాక్సీ ఫోన్లు ఇదే కోడ్‌తో ఖాళీ అయిపోతాయని 2012లో రవి బోర్గాంకర్ అనే పరిశోధకుడు చేసి చూపించాడు. కంపెనీ ఆ లోపాన్ని సరిదిద్దింది. అబ్బాయి వాడి వదిలేసిన పాత ఫోనే ఇప్పుడు నాన్నగారి చేతిలో ఉంటుంది. ఆ ఫోన్‌లో ఉన్న మనవరాలి ఫొటోలు వైరస్సా?

వీటన్నిటికంటే చెడ్డది ఐదో మాట. మీడియాటెక్ చిప్ ఉన్న ఫోన్లలో *#*#3646633#*#* నొక్కి, ఇంజినీరింగ్ మోడ్ అనే పరీక్షల మెనూ తెరిచి, ఆడియో విలువలన్నిటినీ 255 చేస్తే ఫోన్ రెండింతలు గట్టిగా మోగుతుందని అందులో రాశారు. ఉండి అనే ఊరి దగ్గర రొయ్యల చెరువులున్న ఒక రైతుగారు అలాగే చేశారు. చెరువు గట్టు మీద, నీళ్లకు ఆక్సిజన్ అందించే ఏరియేటర్ల మోతలో ఫోన్ వినపడదు కాబట్టి ఆయన అవసరం నాకు అర్థమవుతుంది. మూడు వారాలకు ఫోన్ తెచ్చి, “గ్రూపులో పెట్టారండి, అందరూ చేస్తున్నారండి” అన్నారు. స్పీకర్ విప్పి చూస్తే పైనున్న పలుచని పొర అంచున ముడతలు పడి, ఒక పక్క చీలి ఉంది. మొదట గరగరమంది, తర్వాత పూర్తిగా మూగబోయింది. రాత్రి కరెంటు పోయి, జనరేటర్ వేయమని కాపలా కుర్రాడు చేసిన ఫోన్ ఆయనకు వినపడలేదు. వాళ్లావిడ ఫోన్ మోగబట్టి సరిపోయింది గాని, తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ పడిపోయి ఉంటే ఆ పంట గతి ఏమిటి?

ఆ 255 అనేది మనకోసం దాచిన శక్తి కాదు. విలువ రాసే ఆ గడిలో పట్టే అతి పెద్ద అంకె అది, స్పీకర్ తట్టుకునే హద్దు అంతకంటే చాలా కిందే ఉంటుంది. స్పీకర్‌లోని సన్నని తీగచుట్ట ఎంత వేడిని భరిస్తుందో, పొర ఎంతవరకు కదలగలదో పరీక్షించి ఫ్యాక్టరీలో ఆ విలువ పెడతారు. ఇంజినీరింగ్ మోడ్ ‘నిజంగా మార్చమంటారా’ అని అడగదు. దాన్ని తెరిచే మనిషి పక్కన కొలిచే పరికరం ఉంటుందన్న నమ్మకంతో రాసిన సాఫ్ట్‌వేర్ అది. సిగ్నల్‌కు సంబంధించిన అమరికలు కూడా అక్కడే ఉంటాయి. దేన్ని కదిపామో గుర్తులేకుండా కదిపి, తర్వాత నా దగ్గరికి తెస్తే, పాత విలువ ఎంతో నాకు మాత్రం ఎలా తెలుస్తుంది?

ఇదే సందేశంలో *#0*# గురించి రాసింది మాత్రం నిజం, పైగా చాలామందికి పనికొస్తుంది. చాలా సామ్‌సంగ్ ఫోన్లలో అది ఫ్యాక్టరీ పరీక్షల పట్టికను తెరుస్తుంది. రోజూ నేను వాడేది అదే. ఇలాంటి పరీక్షలను కంపెనీలు మొదటినుంచీ అందరికీ తెలిసేలా సెట్టింగ్స్‌లోనే పెట్టి ఉంటే ‘రహస్య కోడ్లు’ అనే మాట ఇంతగా పాకేది కాదు, ఆ తప్పు కంపెనీలదే. సెకండ్‌హ్యాండ్ ఫోన్ కొనేముందు ఆ పట్టికలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం తెరలు ఒక్కొక్కటీ తెరిచి మచ్చలున్నాయేమో చూడండి. తర్వాత టచ్ పరీక్ష తెరిచి గళ్లన్నిటి మీదా వేలితో గీయండి. వేలు తగిలిన గడి ఆకుపచ్చగా మారుతుంది. ఎన్నిసార్లు గీసినా మారని గడి ఒక్కటి కనపడినా ఆ ఫోన్‌కు డబ్బు ఇవ్వకండి.