లిఫ్ట్ ముందు నిమ్మకాయ

నేను సినిమా పండితుణ్ని కాను. నెలకో, రెండు నెలలకో ఒక ఆదివారం, పిల్లవాడు పోరు పెడితే, మా ఆవిడ సరేనంటే, పాప్‌కార్న్ ధర చూసి గుండె దిటవు చేసుకుని వెళ్లే బాపతు. దెయ్యాల సినిమా అయినా, రాజుల సినిమా అయినా, హంతకుడెవరో చివరి పది నిమిషాల్లో చెప్పే సినిమా అయినా నాకొకటే. ఏసీ చల్లగా ఉండాలి, మధ్యలో కునుకు చెడకూడదు. ఇంత తక్కువ అర్హతలున్నవాడు సినిమాల మీద వ్యాసం రాయాల్సి వచ్చిందంటే తప్పంతా ఒక నిమ్మకాయది.

నెల కిందట ఒక మిస్టిక్ థ్రిల్లర్ చూశాం. పేరు చెప్పను. మీరు ఏది అనుకుంటే అదే. అడవి పక్కన ఒక ఊరు. ఊళ్లో కరెంటు ఉంటుంది కానీ అవసరానికి ఉండదు. మనకు నెలకొకటే అమావాస్య, అక్కడ వారానికి రెండు. హీరో పట్నం నుంచి దిగుతాడు. ఇలాంటివేవీ నమ్మడు, ఇంటర్వెల్ దాకా. ఊళ్లో ఎవరు పోయినా ఆ ఇంటి గడప ముందు ఒక నిమ్మకాయ దొరుకుతుంది. దానికి పసుపు, కుంకుమ, నాలుగు మేకులు. అది తెర మీద కనిపించగానే సీటు కింద నుంచి సౌండు మొదలవుతుంది. తర్వాత అది దానంతటదే దొర్లుతుంది. పల్లానికి కాదు, ఎత్తుకి. మా ఎనిమిదో తరగతి వాడు "నాన్నా, ఇది రాంగ్ కదా" అన్నాడు. పక్క సీటాయన వాణ్ని గదిమాడు. ఆయన ఆ పాటికే చేతులు జోడించి ఉన్నాడు.

ఈ మధ్య తెలుగు సినిమాలో నిమ్మకాయకు దొరుకుతున్నంత పని ఏ క్యారెక్టర్ ఆర్టిస్టుకీ దొరకడం లేదు. డైలాగ్ ఉండదు, డబ్బింగ్ ఉండదు, క్యారవాన్ అడగదు, క్లోజప్ మాత్రం హీరోయిన్ కంటే ఎక్కువ. 2022 ఏప్రిల్‌లో కిలో రెండు వందలు దాటి, హోటళ్లవాళ్లు ఉల్లిపాయ ముక్క ఇచ్చి నిమ్మచెక్క మానేసిన రోజుల్లో కూడా మన మాంత్రికులు ఒక్క పూజ వాయిదా వేసుకోలేదు. గూడూరులోనో నకిరేకల్‌లోనో మార్కెట్‌కి బస్తాలు మోసుకొచ్చిన రైతు ఏమనుకుంటాడు? పచ్చడికి, పులిహోరకి, సోడాబండికి అని పంపిన సరుకు కదా. హత్యకేసుల్లో ఇరుక్కుంటుందని కలగన్నాడా? ఇన్ని కూరగాయలుండగా దీనిమీదే ఎందుకు పడ్డారో నాకైతే అర్థం కాదు. దోసకాయకు మేకులు ఇంకా బాగా దిగుతాయి.

సరే, సినిమా అయిపోయింది, మరచిపోయాం. నాలుగో రోజు, అంటే గురువారం పొద్దున్నే, మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒక ఫొటో వచ్చింది. కింద, స్టిల్ట్ పార్కింగ్ పక్కన, లిఫ్ట్ తలుపు ముందు ఒక నిమ్మకాయ. ఒక పక్క నలిగి, పసుపు కుంకుమ అంటుకుని ఉంది. ఫొటో కింద నాలుగు ఆశ్చర్యార్థకాలు.

ఆ రోజు అయిదంతస్తుల జనం మెట్లెక్కారు. మోకాళ్ల నొప్పులని రెండేళ్లుగా మెట్టు దిగని రిటైర్డ్ ఇంజనీరు గారు నాలుగో అంతస్తు నుంచి నడిచి దిగారు. డాక్టరు చెప్పినా, కూతురు అమెరికా నుంచి వీడియో కాల్ చేసి బతిమాలినా చేయని వ్యాయామం, ఒక చిన్న పండు చేయించింది. మధ్యాహ్నం బిర్యానీ తెచ్చిన డెలివరీ అబ్బాయి ఒక్కడే దాన్ని బూటుతో పక్కకు తోసి, లిఫ్టెక్కి, పార్సిల్ ఇచ్చి పోయాడు. అతనికి ఏమీ కాలేదు. ఆ పార్సిల్ మాత్రం ఆ ఇంట్లో ఎవరూ ముట్టలేదట.

సాయంత్రం అత్యవసర సమావేశం. ట్యాంకర్ల బిల్లు మీద పిలిస్తే ఏడుగురొచ్చే చోట నలభై మంది చేరారు. ప్లాస్టిక్ కుర్చీలు చాలలేదు. ప్రెసిడెంటు గారు గొంతు సవరించుకుని, "ఇది మన భద్రతకు సంబంధించిన విషయం" అన్నారు. ఇంజనీరు గారు, ముప్పయ్యేళ్లు కరెంటు ఆఫీసులో పనిచేసిన మనిషి, "ఉప్పునీళ్లు చల్లితే ఎర్తింగ్ అయిపోతుంది" అని సాంకేతిక సలహా ఇచ్చారు. మూడో అంతస్తు సాఫ్ట్‌వేర్ అబ్బాయి ఫోను తీసి, మేకులున్న నిమ్మకాయకీ మేకుల్లేని నిమ్మకాయకీ తేడా ఏమిటో చదివి వినిపించాడు. మేకుల్లేనిది వార్నింగ్ అట. సెక్రటరీ గారు మినిట్స్ రాసుకుంటున్నారు. ఎవరో "అమావాస్యకు ఇంకా తొమ్మిది రోజులుంది కదండీ" అంటే, "దగ్గరపడుతోంది కదా మరి" అని జవాబొచ్చింది. పార్కింగ్‌లో సీసీ కెమెరా ఉందని నేను గుర్తు చేశాను. పాస్‌వర్డ్ పాత సెక్రటరీ దగ్గరుందట, ఆయన తీర్థయాత్రల్లో ఉన్నారట. "అయినా ఇవి కెమెరాలో పడవు సార్" అన్నాడు సాఫ్ట్‌వేర్ అబ్బాయి. సినిమాలో కూడా పడలేదు. నిజమే.

ఇక్కడిదాకా నాకూ సరదాగానే ఉంది. ఇంటికెళ్లి మా ఆవిడకు అభినయించి చూపించాలని మనసులో రిహార్సల్ కూడా చేసుకుంటున్నాను. అప్పుడు వెనక వరసలోంచి ఒకావిడ మెల్లగా అన్నారు: "వాచ్‌మన్ వాళ్లమ్మ మెదక్ వైపు మనిషి కదా. అక్కడ బాణామతి, అదే చేతబడి, ఎక్కువంట."

నలభై మందీ ఒక్కసారి ఊపిరి పీల్చుకున్నారు. భయానికి ఒక మనిషి దొరికితే కలిగే హాయి అది.

ఆ ముసలావిడను మేమంతా అవ్వ అంటాం. పొద్దున అయిదింటికి లేచి, గేటు ముందు ఊడ్చి, నీళ్లు చల్లి, ముగ్గేస్తుంది. "ఊడ్చేటప్పుడు నోట్లో ఏదో గొణుక్కుంటుంది, మీరెవరైనా గమనించారా?" అని ఒకరు. అందరూ గమనించారట. నేనూ గమనించాను, ఒకసారి అడిగాను కూడా. మనవరాలి హాస్టల్ ఫీజు, కిరాణా కొట్టు బాకీ, ఊళ్లో చీటీపాట డబ్బు, ఈ మూడూ కూడుకుంటుంది, తీసేసుకుంటుంది. లెక్క ఎప్పుడూ కుదరదు, అందుకే రోజూ మొదటినుంచీ మొదలెడుతుంది. ఆ మంత్రం ఇదీ.

ఆమెను పిలిపించారు. కొంగు భుజం చుట్టూ తిప్పుకుని నిలబడింది. "నేనెందుకు వెడ్త సారూ? పొద్దుగాల ఊడ్చిన, ముగ్గు వెట్టిన. గంతే" అంది. సాఫ్ట్‌వేర్ అబ్బాయి పక్కవాడితో గుసగుసగా "సినిమాలో కూడా ముగ్గు వేసే ఆవిడే కదా" అన్నాడు. నలుగురు నవ్వారు. నవ్వినా, వాళ్ల కళ్లు మాత్రం ఆమె చేతుల మీదే ఉన్నాయి.

మనకు మాంత్రికులు కొత్త కాదు. 1951లో 'పాతాళభైరవి' వచ్చింది. నేపాళ మాంత్రికుడి గడ్డం, గొంతు చూసి పిల్లలు జడుసుకున్నారు, పెద్దలు ఈలలు వేశారు. విఠలాచార్య 1978లో 'జగన్మోహిని' తీస్తే అందులో దెయ్యం కట్టెలకు బదులు తన కాళ్లే పొయ్యిలో పెట్టి వంట చేసింది. రాష్ట్రమంతా విరగబడి చూశారు. చూసి ఇంటికొచ్చి ఎవరైనా పక్కింటి కోడలి కాళ్లు పరీక్షించారా? లేదు. ఎందుకంటే ఆ దెయ్యాలకు పిన్‌కోడ్ లేదు. ఏడు సముద్రాలు దాటాలి, మర్రిచెట్టు తొర్రలో చిలకను పట్టాలి. అంత దూరం వెళ్లే తీరిక మనవాళ్లకెక్కడిది?

ఇప్పటి దెయ్యానికి అడ్రసుంది. తెర మీద ఊరు పేరు, సంవత్సరం, కొన్నిటికి 'యథార్థ సంఘటనల ఆధారంగా' అని ముద్ర కూడా వేస్తారు. ఊరివాళ్లు ఎవరినో అనుమానిస్తారు, హీరో వాదిస్తాడు, చివరికి ఊరివాళ్ల అనుమానమే నిజమవుతుంది. 2023లో ఆడిన 'విరూపాక్ష' గుర్తుందా? చేతబడి చేస్తున్నారని ఊరంతా కలిసి భార్యాభర్తలను సజీవంగా తగలబెట్టడంతో కథ మొదలవుతుంది. ఆ మంట చూసి, పోనీలే, ఈ మూకపిచ్చి గురించి ఏదో చెబుతారనుకున్నాను. పన్నెండేళ్ల తర్వాత ఆ కుటుంబం పగ క్షుద్రవిద్య రూపంలో నిజంగానే ఊరి మీద పడుతుంది. బాగా తీశారు, నేనూ కుర్చీ అంచున కూర్చునే చూశాను. బాగా తీయడమే వచ్చిన చిక్కు. చెడ్డ సినిమా అయితే నిద్రపోయేవాణ్ని.

వెనకటికి యండమూరి చేతబడి నవల 'తులసిదళం' ఇంటింటా ఊపేస్తుంటే రచయిత్రి రంగనాయకమ్మ గారు 'తులసిదళం కాదు, గంజాయిదమ్ము' అని ఏకంగా పుస్తకమే రాశారు. ఇప్పుడు మనం మూడున్నర స్టార్లిచ్చి 'బీజీఎం అదిరింది' అని రాస్తున్నాం.

అవ్వ సొంత జిల్లా మెదక్‌లోనే, రామాయంపేట మండలం కాట్రియాలలో, 2024 అక్టోబరులో, బాణామతి చేస్తోందని ఒక ఆడమనిషిని కొట్టి పెట్రోలు పోసి తగలబెట్టారు. 2022 జనవరిలో జగిత్యాలలో మంత్రాల నెపంతో ఒక తండ్రినీ ఇద్దరు కొడుకులనూ జనం మధ్యే చంపారు. చంపనిచోట పళ్లు ఊడగొడతారు. అవును, పళ్లు. పళ్లు లేకపోతే మంత్రం నోరు తిరగదట. కటింగ్‌ప్లేయర్ పెట్టి, రక్తం కారుతుంటే, ఊరంతా చుట్టూ నిలబడి చూస్తుంటే, ఒక్కొక్కటీ పీకుతారు. ఆ తర్వాత ఆ మనిషి జీవితాంతం గంజి తాగాలి. దీనికి ఇంటర్వెల్ బ్యాంగ్ ఉండదు. బీజీఎం ఉండదు. ఏ డైరెక్టరుకూ ఇది థ్రిల్లర్‌గా ఎందుకు కనిపించదు? చేతిలో నిమ్మకాయ పట్టుకున్నవాడి కంటే చేతిలో కటింగ్‌ప్లేయర్ పట్టుకున్న ఊరు భయంకరం కాదా? రాత్రి పన్నెండింటికి తలుపు తట్టేది దెయ్యం కాదు, మామూలుగా పొద్దున బావి దగ్గర పలకరించేవాళ్లే అంటే, మీకు వెన్నులో చలి పుట్టదా?

హీరో సిగరెట్ ముట్టిస్తే చాలు, తెర మూలన హెచ్చరిక ప్రత్యక్షం. సినిమా మొదట్లో ఒకసారి, ఇంటర్వెల్ తర్వాత ఒకసారి ఊపిరితిత్తుల బొమ్మ. మంచిదే, కాదనను. నిమ్మకాయ కనిపించినప్పుడల్లా కూడా అదే మూలన 'చేతబడి అబద్ధం. అనుమానంతో మనుషుల్ని చంపడం హత్య' అని ఒక లైను వేయమనండి చూద్దాం. ఫ్రేము పాడవుతుందంటారు. మూఢనమ్మకాలను ప్రోత్సహించే ఉద్దేశం మాకు లేదని మొదట్లో వేశాం కదా అంటారు. వేశారు. చిన్న అక్షరాల్లో, ఇంగ్లిషులో, జనం సెల్‌ఫోన్ లైటు వేసుకుని సీటు నంబరు వెతుక్కుంటున్నప్పుడు. సిగరెట్ కాలిస్తే ముందు కాల్చినవాడి ఛాతీకి ముప్పు. దీన్ని నమ్మితే నమ్మినవాడికి ఏమీ కాదు, పక్కింటి ముసలమ్మ పోతుంది. ఇలాంటి మూఢాచారాల మీద మహారాష్ట్ర 2013లో చట్టం చేసింది, కర్ణాటక 2017లో చేసింది. మనం సీక్వెల్ చేశాం.

మళ్లీ మా నిమ్మకాయ దగ్గరికి వస్తాను. సమావేశంలో నేను లేచి గట్టిగా మాట్లాడానని చెప్పుకోవాలని ఉంది. లేచాను. "ఆధారం లేకుండా అలా అనకూడదండీ" అన్నాను. ఆ వాక్యం చివరి 'అండీ' ఇప్పటికీ నా గొంతులో అడ్డం పడుతూనే ఉంది. "మీరు మరీ సినిమాల్లో హీరోలాగా మాట్లాడుతున్నారు సార్" అని ఎవరో అంటే, కూర్చున్నాను.

ఆదివారం పాత సెక్రటరీ గారు తీర్థయాత్రల నుంచి లడ్డూలతో పాటు పాస్‌వర్డ్ కూడా తెచ్చారు. నలుగురం కూర్చుని చూశాం. బుధవారం సాయంత్రం ఏడుంబావు. ఇప్పటి సెక్రటరీ గారి కొత్త కారు. పూజారి హారతిచ్చారు, కొబ్బరికాయ కొట్టారు, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టారు. సెక్రటరీ గారు చిరునవ్వుతో బండి ముందుకు కదిలించారు. మూడు చితికాయి. నాలుగోది టైరు అంచున నొక్కుకుని, జారి, గోళీకాయలా దూసుకుపోయి, జనరేటర్ గోడకు కొట్టుకుని, మలుపు తిరిగి, లిఫ్ట్ ముందు ఆగింది. పల్లానికే దొర్లింది. మా వాడు చూసి ఉంటే సంతోషించేవాడు. నాలుగు పెడితే మూడే నలిగాయి కదా, నాలుగోది ఏమైందని మూడు రోజులుగా మినిట్స్ రాస్తున్న ఆ పెద్దమనిషికి ఒక్కసారి కూడా తట్టలేదు.

ఆ విషయం అవ్వకు చెబుదామని కిందికి వెళ్లాను. గది తలుపు దగ్గర వాచ్‌మన్ ఒక్కడే కూర్చుని ఉన్నాడు. "అమ్మ శుక్రారమే ఊరికి వోయింది సార్" అన్నాడు. ఎందుకని నేను అడగలేదు, అతనూ చెప్పలేదు. గేటు ముందు మూడు రోజుల కిందటి ముగ్గు, కార్ల టైర్ల కింద సగం చెరిగి ఉంది.

రాత్రి గ్రూపులో సెక్రటరీ గారి మెసేజ్ వచ్చింది. ఒకటి, లిఫ్ట్ దగ్గర నిమ్మకాయ విషయం పరిష్కారమైంది, అందరి సహకారానికి ధన్యవాదాలు. రెండు, ట్యాంకర్ బకాయిలు పదో తేదీలోగా కట్టగలరు. మూడు, వాకిలి ఊడ్చి ముగ్గు వేయడానికి మనిషి కావాలి, మీకు తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పగలరు.