ఖడ్గతిక్కన కథలో పాలు గుర్తున్నాయి, గడ్డి ఏమైంది?

నెల్లూరు రాజుకి సేనాని అయిన ఖడ్గతిక్కన అనగానే మా నెల్లూరోళ్లకి ముందు గుర్తొచ్చేది ఆ స్నానం సీనే. యుద్ధంలో సైన్యమంతా పోయి ఆయన ఇంటికొస్తే భార్య చానమ్మ మంచం అడ్డం పెట్టి పసుపు ముద్ద పెట్టి ఆడవాళ్లకి పెట్టినట్టు నీళ్లు పెట్టింది, తల్లి ప్రోలమ్మ అన్నంలో విరిగిన పాలు పోసి ఎత్తిపొడిచింది, ఆయన రోషంతో మళ్లీ పోయి యుద్ధంలో చచ్చిపోయాడు. చాటుపద్యాలు చదివి ఆహా పౌరుషం అనుకుంటాం, అసలు గొడవ దేనికొచ్చిందో మాత్రం అడగం.

గొడవ గడ్డి కోసం. 13వ శతాబ్దంలో నెల్లూరు రాజు మనుమసిద్ధి. కరువొచ్చి గొల్లల నాయకుడు కాటమరాజు వాళ్లు ఆవుల మందల్ని తోలుకుని ఈయన బీళ్లకొచ్చారు, మేపుకున్నందుకు పుల్లరి కింద కోడెదూడలు ఇచ్చేట్టు ఒప్పందం. కొమ్ము ఊదుతూ కథలు చెప్పే కొమ్ములవాళ్లు పాడే కాటమరాజు కథలో ఇదంతా ఉంటది. రాజు ఉంపుడుగత్తె చిలకని చూసి ఆవులు బెదిరాయని గొల్లలు దాన్ని చంపడం, ఆమె ఆవుల్ని చంపించడం, దాంతో కాటమరాజు పుల్లరి కట్టనని తేల్చేయడం, చివరికి పాలేరు ఒడ్డున పంచలింగాల దగ్గర యుద్ధం. చిలక కోసం యుద్ధమేంటి, కట్టుకథ అని కొట్టిపారేస్తారు గానీ నాకట్టా అనిపించదు. పంజరంలో పెంచుకునే పిట్టకీ ఊరి బతుకైన మందకీ కోటలో ఏది ముఖ్యమో గొల్లలు ఆ ఒక్క పిట్టతో చెప్పేశారు.

తల్లి పద్యం మళ్లీ చూడండి. కసవు, అంటే గడ్డి, మేయబోయిన పసులూ విరిగొచ్చాయి, పాలూ విరిగాయి అంటది. కొడుకు కొట్లాడింది ఆ కసవు కోసమే కదా! యుద్ధానికి కారణం పద్యంలోనే ఉంది, ఎత్తిపొడుపు కింద దాక్కుని.

ఇంకో సంగతి. ఖడ్గతిక్కన చిన్నాన్న కొడుకే తిక్కన సోమయాజి, భారతం తెలుగు చేసిన కవి. ఆయన భారతం మొదలుపెట్టిందే విరాటపర్వంతో, అందులోనూ ఆవుల కోసమే యుద్ధం, పారిపోయే ఉత్తరుణ్ణి వెనక్కి లాక్కొచ్చేది ఆడవేషంలో ఉన్న అర్జునుడు. ఇంటి కథ చూసి రాశాడని నేననను, భారతంలో ఉన్నదే అది, కానీ అప్పట్లో నెల్లూరులో విన్నోళ్లకి ఏం గుర్తొచ్చుంటదో ఊహించుకోవచ్చు.

చాటుపద్యాలు మాత్రం సేనాని వెన్ను చూపాడా లేదా అనేదే పట్టుకున్నాయి. పుల్లరి న్యాయమేనా, చచ్చిన ఆవులకి లెక్క ఎవరు చెప్పాలి అని ఆ ఇంటి ఆడవాళ్ల నోట ఒక్క ముక్క కూడా అనిపించలేదు రాసినోళ్లు.