కుడి చెవిలో దరువు

చెవిపోటు వచ్చిందంటే ఇంటిల్లిపాదీ అయ్యో అంటారు. చెవిలో దరువు పడుతోందని చెప్పి చూడండి. ముందు నవ్వుతారు, తర్వాత ఎవరికి తోచిన వైద్యం వాళ్లు మొదలుపెడతారు.

నాకు కుడి చెవిలో. పగలంతా బుద్ధిగానే ఉంటుంది. రాత్రి అటు తిరిగి దిండు మీద తల పెట్టానో లేదో, దబ్... దబ్... దబ్! మణికట్టు పట్టుకుని చూస్తే నాడితో అచ్చంగా కలుస్తోంది. మెట్లెక్కి వచ్చిన రోజున జోరు పెంచుతుంది. అంటే చెవిలో దూరింది పురుగు కాదు, సాక్షాత్తూ నా గుండే. 1816లో లెనెక్ అనే ఫ్రెంచి డాక్టరు గుండె చప్పుడు వినడానికి కాగితాన్ని గొట్టంలా చుట్టాడట, స్టెతస్కోపు అలా పుట్టింది. నాకు కాగితం ఖర్చు కూడా లేదు.

"ఏదీ, ఇలా తిరగండి" అని మా ఆవిడ తన చెవి తెచ్చి నా చెవికి ఆనించింది. ఇద్దరం ఊపిరి బిగబట్టాం. "నాకేం వినపడట్లేదండీ, పక్కింటి సీరియల్ తప్ప" అంది.

"చెవి మోగితే ఎవరో తలుచుకుంటున్నట్టు అల్లుడుగారూ" అన్నారు మా అత్తగారు, హాల్లోంచి.

"రోజూ రాత్రి పదకొండింటికా? ఎవరది?" అంది మా ఆవిడ, గొంతు మార్చి.

"బ్యాంకు వాళ్లయి ఉంటారు, ఈఎంఐ కట్టాలిగా" అన్నాను. నమ్మినట్టు కనపడలేదు.

మర్నాడు అత్తగారు నువ్వుల నూనెలో వెల్లుల్లి రేకలు కాచి, గరిటె పట్టుకుని వచ్చారు. పిల్లనిచ్చిన అత్తగారిని కాదనలేక, స్నానానికని బాత్రూంలో దూరి గడియ పెట్టుకున్నాను. బయట నూనె చల్లారేదాకా లోపల నీళ్లు పోసుకుంటూనే ఉన్నాను.

ఈలోపు మా బావమరిది ఫోన్‌లో వైద్యశాస్త్రం పూర్తి చేశాడు. "రక్తం తక్కువైనా ఇలా వస్తుందట బావా. థైరాయిడ్ ఎక్కువైనా వస్తుందట. బీపీ ఉన్నా, మెడ దగ్గర రక్తనాళం సన్నబడినా..." అంటూ కిందికి జరుపుకుంటూ పోయి, ఒకచోట ఆగి, "అవునూ, ఇన్సూరెన్స్‌లో నామినీగా అక్క పేరే ఉందిగా?" అన్నాడు.

ఈఎన్‌టీ డాక్టరుగారు శ్రుతిదండం మోగించి నా నుదుటి మధ్య ఆనించారు. ఎటు గట్టిగా వినపడుతోందన్నారు. "కుడివైపే సార్!" అన్నాను హుషారుగా, పాసయ్యాననుకుని. "అయితే ఆ చెవే మూసుకుపోయింది" అన్నారాయన. బయటి శబ్దానికి అడ్డుపడితే ఒంట్లో చప్పుళ్లు పెద్దగా వినపడతాయట. గులిమి తీసి దూది మీద పెట్టారు. మా ఆవిడ అది చూసి, నేనెవరో తనకి తెలియనట్టు కుర్చీ జరుపుకుంది.

గులిమి పోయింది. దరువు పోలేదు. పైగా ఇప్పుడు పక్కింటి సీరియల్ కూడా స్పష్టంగా వినిపిస్తోంది.

రక్తపరీక్షలయ్యాయి, బీపీ అయింది, చివరికి ఎమ్మారై. ఆ గొట్టంలోకి తోసి, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టి, కదలొద్దన్నారు. మొదలైంది టకటక, గరగర, ఢమఢమ! ఆ హోరులో నా దరువు ఎటు పోయిందో పోయింది. హాయిగా కన్ను మూతపడింది. టెక్నీషియన్ వచ్చి భుజం తట్టి లేపి, "గురక పెట్టి తల కదిలించారు సార్, మళ్లీ తియ్యాలి" అన్నాడు. ఆనందంగా మళ్లీ పడుకున్నాను.

రిపోర్టు నార్మల్. ఇంట్లో ఎవరికీ నచ్చలేదు. "అంత డబ్బు పోసినా ఏమీ దొరకలేదా!" అని అత్తగారు నొచ్చుకున్నారు. బావమరిది మాత్రం వేరే ల్యాబు పేరు చెప్పాడు.

నాడితో కలిసి కొట్టుకునే చప్పుడైతే ఒకసారి చూపించుకోవడం మంచిదేననీ, అన్నీ వెతికాక కూడా కొందరిలో కారణం దొరకదనీ డాక్టరుగారన్నారు. గది మరీ నిశ్శబ్దంగా ఉంటే ధ్యాసంతా లోపలి చప్పుళ్ల మీదే పడుతుంది కాబట్టి, పడుకునేటప్పుడు ఏదో ఒక చిన్న శబ్దం ఉండనివ్వమన్నారు.

ఆ శబ్దం మా ఇంట్లో సిద్ధంగానే ఉంది. పడకగది ఫ్యాను తిరిగినప్పుడల్లా కిర్రు కిర్రుమంటుంది. దాని కింద నేను వారం నుంచి ఒళ్లు తెలియకుండా నిద్రపోతున్నాను. మా ఆవిడకే నిద్ర లేదు. నిన్న ఎలక్ట్రీషియన్ని పిలిపించింది. అతను నూనె డబ్బా పట్టుకుని నిచ్చెనెక్కబోతుంటే పక్కకు పిలిచి, వంద నోటు జేబులో పెట్టాను.

"బేరింగు పోయిందమ్మా, ఆ మోడల్‌కి ఇప్పుడు దొరకవు" అని చెప్పి వెళ్లిపోయాడు. పనిమంతుడు.