అవోయిని పిరికిది అంటున్నవాళ్లకి

జపాన్ యానిమే డీమన్ స్లేయర్ సినిమా ఇన్ఫినిటీ కాజిల్ 2025 సెప్టెంబర్‌లో తెలుగు డబ్బింగ్‌తో వచ్చినప్పటి నుంచి స్నేహితులంతా ఒకే మెసేజ్ పంపుతున్నారు: "డీమన్ స్లేయర్‌కి తంజిరో బృందం, హషీరాలు, రాక్షసులు చాలు. మిగతా మనుషుల్ని తీసేసినా కథ మారదు. కమ్మరులు కామెడీకి, కింది స్థాయి సైనికులు చావడానికి, అవోయి లాంటి పిరికివాళ్లు దేనికీ పనికిరారు." (తంజిరో ఈ కథ హీరో. హషీరాలంటే రాక్షసుల్ని వేటాడే దళంలో అందరికంటే బలమైన యోధులు.)

కమ్మరుల సంగతి రెండు ముక్కల్లో తేలిపోతుంది. గ్యొక్కో అనే రాక్షసుడు ఒళ్లంతా కోస్తున్నా, కత్తులు చేసే కమ్మరి హగనెజుకా తలెత్తకుండా కత్తికి పదును పెడుతూనే ఉంటాడు. పదును పూర్తికాకముందే ఆ కత్తితోనే తంజిరో హంటెంగు అనే ఇంకో రాక్షసుడి తల నరుకుతాడు. ఇది కామెడీయా?

సైనికులు చావడానికే ఉన్నారట. ఈ కథకి మూలమైన మాంగా (జపాన్ కామిక్) 2020లోనే ముగిసింది కాబట్టి చెప్పేస్తున్నా: చివరి పోరులో హషీరాలు బతికున్నారంటే, పేరు కూడా తెలియని సైనికులు రాక్షసుల రాజు ముజాన్ దెబ్బలకి తమ ఒళ్లు అడ్డం పెట్టారు కాబట్టి. తెల్లవారాక వాడు నీడలోకి పారిపోకుండా బళ్లతో గుద్ది ఆపిందీ మామూలు మనుషులే. వాళ్లని తీసేస్తే ముజాన్ గెలుస్తాడు. కథ మారదంటే ఎలా?

నాకు అసలు కోపం తెప్పించింది అవోయి గురించి అన్న మాట. ఆ అమ్మాయి దళంలో చేరడానికి పెట్టే ప్రాణాంతక పరీక్ష ఫైనల్ సెలక్షన్‌లో ప్రాణాలతో బయటపడింది. తర్వాత భయంతో యుద్ధానికి వెళ్లలేకపోయింది. అందుకు తనని తానే తిట్టుకుంటుంది. అయినా గాయపడ్డ యోధులకి వైద్యం చేసే బటర్‌ఫ్లై మాన్షన్ వదిలి పోలేదు. విరిగిన ఎముకలతో వచ్చిన తంజిరో, విషంతో చేతులూ కాళ్లూ కుంచించుకుపోయిన అతని స్నేహితుడు జెనిత్సు మళ్లీ కత్తి పట్టారంటే అందులో ఆమె చాకిరీ ఎంతుందో చూడండి. మందులు, వంట, శిక్షణ, మందు తాగనని మొండికేసేవాళ్లతో గొడవ, అన్నీ ఆమే. నువ్వు నాకు సాయం చేశావు, నీ మనసుని నాతో యుద్ధానికి తీసుకెళ్తానని తంజిరో ఆమెకి చెప్పింది ఊరికే ఓదార్చడానికి కాదు, అది నిజం. భయపడ్డ మనిషి పనికిరాదని మీరు తేల్చేస్తే, ఆ మెసేజ్ చదివే పిల్లల్లో భయంతో నలిగిపోతున్నవాళ్లు ఏమనుకోవాలి?

ఒక్కటి మాత్రం ఒప్పుకుంటాను. అందరికీ కథ సమానంగా న్యాయం చేయలేదు. ముజాన్‌ని ఉచ్చులోకి లాగడానికి దళనాయకుడు కగాయా తన ఇల్లు పేల్చేసినప్పుడు భార్య అమానే, ఇద్దరు కూతుళ్లు ఆయనతోనే చనిపోయారు. ఆ ఇద్దరు పిల్లల మనసులో ఏముందో మనకి దాదాపు చెప్పనే లేదు. మీకు కోపం రావాల్సింది అక్కడ. దాని గురించి రాయండి, నేనే అందరికీ పంపుతాను.