సవరణ: జెనీవా కమిటీకి ఎవరు ఫిర్యాదు చేయవచ్చు?

ఐక్యరాజ్యసమితి జాతి వివక్ష నిర్మూలన కమిటీ గురించిన గత పోస్టులో "వివక్షకు గురైన ఎవరైనా నేరుగా ఫిర్యాదు చేయవచ్చు" అన్న వాక్యాన్ని తొలగించాం.

ఈ కమిటీ పర్యవేక్షించే, జాతి వివక్ష నిర్మూలనపై 1965 నాటి అంతర్జాతీయ ఒప్పందంలోని 14వ అధికరణం కింద విడిగా సమ్మతి తెలిపిన దేశాలపైనే వ్యక్తులు ఫిర్యాదు చేయగలరు. భారత్ 1968లోనే ఒప్పందాన్ని ఆమోదించింది కానీ ఆ సమ్మతి ఇవ్వలేదు. అమెరికాదీ అదే తీరు. ఆస్ట్రేలియా 1993లో ఇచ్చింది. అంటే మెల్‌బోర్న్‌లో చదివే గుంటూరు కుర్రాడికి ఉన్న దారి డల్లాస్‌లో ఉద్యోగం చేసే వాళ్లన్నకు లేదు. అదైనా అక్కడి చట్టపరమైన మార్గాలన్నీ అయిపోయాకే, ఆరు నెలల్లోపు.

ఫలితం మీద మరీ ఆశలు వద్దు. ఆస్ట్రేలియాలోని టువూంబాలో ఒక స్టేడియం గ్యాలరీ పేరులో నల్లజాతివారిని కించపరిచే మాట ఉండేది. ఆదివాసీ ఉద్యమకారుడు స్టీఫెన్ హేగన్ ఫిర్యాదుపై దాన్ని తీసేయించమని కమిటీ 2003లో సూచించింది. ప్రభుత్వం కదల్లేదు. 2008లో గ్యాలరీనే కూల్చేశారు, పేరూ పోయింది! కమిటీది సిఫార్సే తప్ప ఉత్తర్వు కాదు.

ఆ పోస్టులోని "కులం ఈ ఒప్పందం పరిధిలోకి రాదు" అన్న మాట కూడా అసంపూర్ణం. అది భారత ప్రభుత్వ వాదన. జాతి వివక్షను నిర్వచించే మొదటి అధికరణంలోని 'వంశం' అనే మాట కిందికి కులమూ వస్తుందని కమిటీ 2002లోనే తన 29వ సాధారణ సిఫార్సులో చెప్పింది. 2007లో ఒప్పందం అమలుపై భారత్ ఇచ్చిన నివేదికను సమీక్షించినప్పుడు దళితుల పరిస్థితిపై సూటిగా ప్రశ్నించింది. వాదన ఇంకా తెగలేదు.