ఇడీ అమీన్ ఆస్తులు పంచింది ఎవరికి?

"ఇడీ అమీన్ నియంత కాదు, అసలైన దేశభక్తుడు. ఉగాండాను దోచుకుంటున్న విదేశీయులను తరిమేసి ఆస్తులు పేదలకు పంచాడు. బ్రిటన్‌ను ఎదిరించాడు కాబట్టే చెడ్డవాడని ప్రచారం చేశారు." తూర్పు ఆఫ్రికా దేశం ఉగాండాను 1971 నుంచి 1979 వరకు ఏలిన అమీన్ గురించి తెగ షేర్ అవుతున్న ఈ పోస్టులో ఏ మాటా నిలవదు.

ముందు బ్రిటన్ సంగతి. 1971 జనవరి 25న అప్పటి అధ్యక్షుడు మిల్టన్ ఒబోటేను కూలదోసి అమీన్ గద్దెనెక్కితే, అతని ప్రభుత్వాన్ని త్వరగా గుర్తించిన దేశాల్లో బ్రిటన్ ఒకటి. ఆ జులైలో లండన్ వెళ్లి రాణిగారిని కూడా కలిశాడు. వైరం ఆ తర్వాతిది.

"విదేశీయులు" అనడం మరీ అన్యాయం. 1972 ఆగస్టులో 90 రోజుల గడువు పెట్టి వెళ్లగొట్టిన ఆసియన్లలో ఎక్కువమందివి గుజరాతీ మూలాలు. చాలామంది అక్కడే పుట్టారు. ఉగాండా పౌరసత్వం ఉన్నవాళ్లు కూడా వేలల్లో ఉన్నారు. తనిఖీ పేరుతో వాళ్లలో ఎంతోమంది కాగితాలు చెల్లవన్నారు. వలస పాలకులు పత్తి జిన్నింగ్‌లో, వ్యాపారంలో ఆఫ్రికన్లను ఎదగనివ్వలేదు, ఆసియన్ల మీద ఆఫ్రికన్లకున్న ఆ కోపంలో న్యాయం ఉంది. కానీ దానికి శిక్ష ఈ కుటుంబాలకా?

ఇక పంపకం. 5,000కు పైగా సంస్థలు, షాపులు, తోటలు చేతులు మారాయి. మేలైనవి సైనికాధికారులకు, అమీన్‌కు దగ్గరివాళ్లకు పోయాయి. ఉన్న సరుకు అమ్ముకున్నాక మళ్లీ తెప్పించడం చేతకాక చాలా షాపులు మూతపడ్డాయి. కకీరాలో మాధ్వానీల, లుగాజీలో మెహతాల (రెండూ ఆసియన్ వ్యాపార కుటుంబాలే) చక్కెర మిల్లులు కుదేలయ్యాయి. సొంతంగా చెరకు పండే దేశంలో జనం చక్కెర కోసం, ఉప్పు కోసం, సబ్బు కోసం అల్లాడారు. బ్లాక్ మార్కెట్‌కు అక్కడ 'మగెండో' అని పేరు, అందులో బాగుపడింది తుపాకులున్నవాళ్లు. పేదలకు పంచితే పేదలకే సబ్బు దొరక్కపోవడం ఏమిటి?

పోస్టు అసలు ఎత్తని విషయం హత్యలు. అధికారానికొచ్చిన ఏడాదిలోనే అచోలి, లాంగో తెగల సైనికులను బ్యారక్‌లలో ఊచకోత కోశారు. అక్రమ నిర్బంధంలో ఉన్న ఒక బ్రిటిష్ పౌరుణ్ణి విడుదల చేయమన్న ప్రధాన న్యాయమూర్తి బెనెడిక్టో కివానుకాను 1972 సెప్టెంబరులో హైకోర్టు నుంచే లాక్కుపోయారు. ఆయన మళ్లీ కనిపించలేదు. 1977 ఫిబ్రవరిలో ఆర్చిబిషప్ జనానీ లువుమ్‌ను చంపి, కారు ప్రమాదమని ప్రకటించారు. మొత్తం మృతుల అంచనాలు 80,000 నుంచి 3 లక్షలు, అంతకు పైన కూడా ఉన్నాయి. వాళ్లలో దాదాపు అందరూ ఆఫ్రికన్ ఉగాండా పౌరులే. 1979లో టాంజానియా సైన్యంతో కలిసి కంపాలాలోకి వచ్చి అమీన్‌ను తరిమినవాళ్లలో కూడా ఉగాండా వాళ్లున్నారు, అతని పాలనలో దేశం విడిచి పారిపోయినవాళ్లు.